కుదురు లేని కాలు

మా బాబాయి 1971 ఫోక్స్‌వాగన్ బీటిల్ సిగ్నల్ దగ్గర కదిలేటప్పుడు దగ్గుతుంది. ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, ఆ తర్వాత గబుక్కున ముందుకు దూకుతుంది. అది ఎప్పటి నుంచో ఉన్న జబ్బే. ఆ ఏడు మాత్రం బాగా ముదిరి, నడిరోడ్డు మీద ఆగిపోవడం మొదలైంది. ఇక లాభం లేదు, కార్బురేటర్ మార్చేద్దాం అన్నాడు బాబాయి. ఏది పెట్టాలన్న దగ్గరే పేచీ వచ్చింది. శని, ఆదివారాలు వస్తే చాలు, సాన్ హోసేలో ఆయన గరాజులో మా ఇద్దరికీ అదే వాదన.

గాలితో చల్లబడే ఇంజన్ అది. రేడియేటర్ లేదు, నీళ్ళు లేవు. అటు రెండు, ఇటు రెండు సిలిండర్లు అడ్డంగా పడుకుని ఉంటాయి. కార్బురేటర్ మాత్రం ఒక్కటే, సరిగ్గా నడిమధ్యన, నెత్తిమీద. అక్కడ కలిసిన పెట్రోలూ గాలీ ఇనుప గొట్టంలో దాదాపు మూరెడు దూరం పక్కకి ప్రయాణం చేసి సిలిండర్లకి చేరాలి. దారిలో చల్లబడితే పెట్రోలు మళ్ళీ చుక్కలై గోడలకి అంటుకుపోతుంది. అందుకే పొగగొట్టంలోని వేడిని తెచ్చి ఆ పెద్ద గొట్టానికి తగిలించడానికి ఇంకో సన్న గొట్టం పెట్టారు. అది మసితో పూడుకుపోతే ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను. పొగమంచు పట్టిన ఒక ఉదయం, పక్కన ఇంజన్ వేడికి చెయ్యి పెట్టలేకపోతున్నాం, పై గొట్టం మీద మాత్రం తెల్లగా మంచు పేరుకుంది. గోటితో గీకితే పొరలా ఊడివచ్చింది. ఆ మసంతా తోడి శుభ్రం చేశాం. మంచు పట్టడం ఆగింది గానీ దగ్గు తగ్గలేదు.

బాబాయి మొదట వెబర్ 32/36 అన్నాడు. దానికి రెండు నోళ్ళు. ముందు చిన్నది తెరుచుకుంటుంది, కాలు ఇంకా నొక్కితే పెద్దది కలుస్తుంది. వినడానికి బావుంటుంది. కానీ అదీ ఆ నడిమధ్యనే కూర్చోవాలి, అదే మూరెడు దారి మిగులుతుంది. పొద్దున్నే చల్లటి ఇంజన్‌తో అది ఎంత సతాయిస్తుందో ఈ బళ్ళు నడిపేవాళ్ళని అడిగితే చెబుతారు. నాకది సుతరామూ ఇష్టం లేదు.

అది కాకపోతే కేడ్రన్లు అన్నాడు. బ్రెజిల్‌లో తయారైన జంట సోలెక్సులు, 40 మిల్లీమీటర్లవి, చెరో పక్కన ఒకటి. గొట్టం పొట్టిది కాబట్టి పెట్రోలు చల్లబడే వ్యవధే ఉండదు. ఇసుకదిబ్బల మీద ఎగిరే బగ్గీలకి వాటిని మించినవి లేవంటే ఒప్పుకుంటాను. అయితే రెండూ ఒకేసారి, ఒకేపాటిగా తెరుచుకోవాలి. వాటిని కలిపే కడ్డీ వెంట్రుకవాసి తేడా వచ్చినా ఇంజన్ కుంటుతుంది. వేడెక్కి ఇంజన్ కాస్త సాగితే ఆ లెక్క మళ్ళీ మారిపోతుంది. పాల ప్యాకెట్లకీ, ఫార్మసీకీ వెళ్ళే కారుకి ఆ యాతన దేనికి?

కొత్త సింగిల్ కార్బురేటర్లకి కొదవ లేదు. జర్మనీ 1978లో బీటిల్ సెడాన్ తయారీ ఆపేసినా మెక్సికోలోని ప్యూబ్లాలో 2003 జూలై 30 వరకూ చేస్తూనే వచ్చారు. అందువల్ల విడిభాగాలు ఇవాళ్టికీ దొరుకుతాయి. 1975వీ, అంతకు ముందువీ అయిన పెట్రోలు బళ్ళకి కాలిఫోర్నియాలో పొగ పరీక్ష కూడా లేదు. అడిగేవాడు లేనప్పుడు ఏది పడితే అది తగిలించాలన్న ఉబలాటం ఎవరికైనా పుడుతుంది.

నా మాట ఒకటే. కారుతో పుట్టిన జర్మన్ సోలెక్స్ 34 పిక్ట్-3నే విప్పి బాగుచేయించుదాం. 34 అంటే పెట్రోలు, గాలి దిగే నోటి వెడల్పు, మిల్లీమీటర్లలో. 1584 సీసీ ఇంజన్‌కి కంపెనీ లెక్కకట్టి ఇచ్చింది అదే. విప్పి చూస్తే లోపల ఇత్తడి మెయిన్ జెట్ మీద 127.5 అన్న అంకె భూతద్దంలో స్పష్టంగా కనిపించింది. యాభై ఏళ్ళు పెట్రోలు పారినా ఆ రంధ్రం గుండ్రంగానే ఉంది. అరిగేది కార్బురేటర్ థ్రాటిల్ కడ్డీ ఒక్కటే. ఆ కడ్డీ చుట్టూ సందు పడితే దొంగగాలి లోపలికి దూరుతుంది. తొలిచి ఇత్తడి బుష్ వేయిస్తే ఇంకో యాభై ఏళ్ళు నడుస్తుంది. అంత పనితనం ఉన్న వస్తువుని చెత్తలో పడేయడానికి నాకు మనసొప్పలేదు. ఆ మాట బాబాయితో గట్టిగానే అన్నాను.

ఈ వాదన సాగినంతసేపూ పిన్ని గరాజు గుమ్మంలో కుర్చీ వేసుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వినేది. ఆవిడకి కారు నడపడం రాదు. రాదని మా ఇళ్ళలో అందరికీ తెలుసు. అది బాబాయి ప్రతి పెళ్ళిలోనూ చెప్పే కథ. 1976లో ఈ కారులోనే నేర్పాడట. లైసెన్సు ఎలా ఇచ్చారో గానీ ఇచ్చారట. ఎడమవైపు మళ్ళబోతూ నడి కూడలిలో కారు ఆపేసిందట, ఎదురుగా లారీ. "అదృష్టం బాగుండి పక్కన నేనున్నాను. పాపం, మీ పిన్నికి కాలు కుదురు లేదురా" అంటాడు, ప్రేమగానే. ఆ రోజు నుంచి ఆవిడ స్టీరింగ్ పట్టుకోలేదు. ఊరికి ఆ చివర లైబ్రరీలో ఉద్యోగం ఇస్తామన్నారట. రెండు బస్సులు మారాలి, చంకలో పిల్లవాడు. వెళ్ళలేదు. తర్వాత ఇంట్లోకి ఎన్ని కార్లు వచ్చినా బాబాయే దించాడు, బాబాయే తెచ్చాడు. కూరగాయలకైనా, గుడికైనా, డాక్టరు దగ్గరికైనా.

చివరికి ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. మెక్సికోలో కుర్రతనమంతా ఈ బళ్ళ కిందే గడిపిన మెకానిక్ ఒకాయన ఉన్నాడు, బాబాయి ఈడువాడే. ఆయన ఏది చెబితే అది.

ఆయన ఇంటికే వచ్చాడు. ముందు ఇంజన్ ఆపించి, ఎయిర్ ఫిల్టర్ తీసి, కార్బురేటర్ నోట్లోకి టార్చి వేసి, చేత్తో మీట కదిపాడు. సన్నటి పెట్రోలు ధార చుర్రున సూటిగా దిగింది. తృప్తిగా తలూపాడు. కడ్డీని అటూ ఇటూ ఊపి చూశాడు. అరిగింది గానీ ఈ దగ్గుకి కారణం అయ్యేంత కాదన్నాడు. తర్వాత కార్బురేటర్ని వదిలేసి పక్కనున్న డిస్ట్రిబ్యూటర్ మీద వేలు పెట్టాడు.

"ఇది ఎవరు బిగించారు?"

"నేనే" అన్నాడు బాబాయి. "009. ఆ రోజుల్లో కుర్రాళ్ళందరూ ఎగబడి కొనేవాళ్ళు."

ఆయన ఓపిగ్గా వివరించాడు. ఈ కార్బురేటర్ పొగ తగ్గాలని పెట్రోలు కాస్త పల్చగా ఇచ్చేలా చేసింది. అందుకే కంపెనీ డిస్ట్రిబ్యూటర్‌కి వాక్యూమ్ డబ్బా ఉంటుంది. కాలు యాక్సిలరేటర్ మీద ఆనగానే కార్బురేటర్లోంచి పీల్పు అందుకుని అది స్పార్కుని ముందుకు జరుపుతుంది, ఇంజన్ తడబడకుండా అందుకుంటుంది. 009కి ఆ డబ్బా లేదు. లోపలి బరువులు విచ్చుకుంటే గానీ స్పార్కు జరగదు, అవి విచ్చుకోవాలంటే ఇంజన్ వేగం పెరగాలి. ఈ రెంటినీ జతకడితే కదిలే క్షణంలో దగ్గు తప్పదు.

"మరి ఇన్నేళ్ళూ నేను బాగానే నడిపానే!" అన్నాడు బాబాయి.

"మీరు ఇంజన్ని గుర్రుమనిపించి క్లచ్ వదులుతారు. కాలు బరువుగా వేసేవాళ్ళు దీన్ని దాటేస్తారు. మెల్లగా, నేర్పినట్టు తొక్కేవాళ్ళ కిందే ఇది ఆగిపోతుంది."

కొత్త కార్బురేటర్ అక్కర్లేదని తేల్చేశాడు. పాత డిస్ట్రిబ్యూటర్ ఉంటే పెట్టమన్నాడు. బాబాయి ఏ వస్తువూ పారేసే మనిషి కాదు. అది అటక మీద డబ్బాలో, నూనె గుడ్డలో చుట్టి, భద్రంగా ఉంది. నా సోలెక్స్ నిలబడిందని నాకూ, కేడ్రన్ల డబ్బు మిగిలిందని ఆయనకీ పట్టలేనంత సంతోషం.

వాక్యూమ్ గొట్టాలు తగిలించడానికి మెకానిక్ కార్బురేటర్ పక్కకి వంగాడు. అక్కడ రెండు సన్న ఇత్తడి మొనలున్నాయి. 009 పెట్టినప్పుడు గొట్టాలు తీసేసి వాటిని మూసేశారు. ఒకదానికి దుకాణంలో అమ్మే నల్ల రబ్బరు టోపీ ఉంది. రెండోదానికి ఇంకేదో ఉంది, చిటికెనవేలి కొసంత, ఎర్రటిది. ఎండి రాయిలా బిగుసుకుని పక్కకి పగిలింది. ఆ పగులు లోంచి గాలి దూరుతోందనీ, ఈ ఏడు జబ్బు ముదరడానికి కారణం అదేననీ చెప్పి, పటకారుతో లాగి బాబాయి చేతిలో పెట్టాడు. ఆయన అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు. ఏమిటో పోల్చుకోలేకపోయాడు.

పిన్ని చిక్కుడుకాయల చేట పక్కన పెట్టి లేచి వచ్చింది. ఆయన అరచేతిలోకి వంగి చూసింది.

"మన పెద్దాడికి చుక్కలమందు పోసే డ్రాపర్ రబ్బరండీ ఇది. టోపీ ఒకటి తక్కువైందంటూ వంటింట్లోకి వచ్చి మీరే అడిగి పట్టుకెళ్ళారు, నేను లైసెన్సు తెచ్చుకున్న రోజు సాయంత్రం. మర్నాడు పొద్దున్నే కదా, నాకు కాలు కుదురు లేదని తాళాలు తీసేసుకున్నారు."