ఎర్ర గీత పడితే కమ్యూనిజమే

మోప్కాలో ఎవరి గోడ మీదైనా ఎర్ర రంగు గీత పడిందంటే ఆ సాయంత్రానికి కార్ల్ మార్క్స్ బిలాస్‌పూర్ స్టేషన్లో దిగినట్టే. రోడ్డు వెడల్పు చేయాలి, ఇక్కడిదాకా కొట్టేస్తాం అని కొలతల వాళ్లు గీసిపోయే గీత అది. "సొంత జాగా లాక్కోడమేటి బావూ, ఇది కమ్యూనిజం కాక మరేటి?" అంటారు పెద్దాయన. ఇలాంటి పెద్దాయన ఇక్కడి ప్రతి తెలుగు వీధిలోనూ ఒకరుంటారు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బీఎన్నార్) రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి పనికి వచ్చి ఇక్కడే నాటుకుపోయిన కుటుంబం. తండ్రి రైల్వే, తను రైల్వే, కొడుకు రైల్వే. పుట్టింది రైల్వే ఆసుపత్రి, చదివింది రైల్వే బడి, పెరిగింది రైల్వే క్వార్టరు, ఇప్పుడు తినేది రైల్వే పింఛను. మోప్కాలో స్థలం కొన్నది కూడా పీఎఫ్ సొమ్ముతోనే. బతుకంతా సర్కారు సొత్తు మీద సాగించి, ఆఖరి మూడడుగుల గోడ దగ్గరికొచ్చేసరికి ప్రైవేటు ఆస్తికి ప్రాణమిస్తానంటే ముచ్చటేస్తుంది.

సరే, ఆయన మాటే నిజమనుకుందాం. సర్కారు ప్రైవేటు ఆస్తి తీసుకుంటే కమ్యూనిజం. అలాగైతే ఈ రైల్వే ఊరికి కమ్యూనిజం తెచ్చిన మహానుభావుడు వైస్రాయ్ వేవెల్. 1887లో పెట్టిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీని ప్రభుత్వం 1944 అక్టోబరు 1న తన చేతిలోకి తీసుకుంది. అప్పుడు గద్దె మీద ఉన్నది ఆయనే. దానికి అరవై ఏళ్ల ముందే విక్టోరియా మహారాణి పేరు మీద ఈస్ట్ ఇండియన్ రైల్వేను కొనేశారు. ఆవిడ పార్టీ కార్డు మాత్రం ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు.

ఆ కంపెనీలకు నేల ఎక్కడిదంటారా? సర్కారే రైతు దగ్గర తీసుకుని వాళ్లకు ఉచితంగా అప్పజెప్పింది. పైగా తొలి కంపెనీలకు పెట్టుబడి మీద 5 శాతం పూచీ కూడా పడింది; రైలు నష్టపోతే లోటు మన పన్నుల్లోంచి పూడ్చేవారు. రైతు నేల తీసుకుని లండన్ వాటాదారుడికి వడ్డీ కట్టిన ఆ ఏర్పాటును మన పెద్దాయన కమ్యూనిజం అనగా నేనెప్పుడూ వినలేదు. దాని పేరు నాగరికత.

ఈ రైళ్ల గొడవలో అసలు కమ్యూనిస్టులే ముందు నవ్వారు. జర్మనీలో బిస్మార్క్ రైల్వేలను ప్రభుత్వపరం చేస్తుంటే అదే సోషలిజమని కొందరు చంకలు గుద్దుకున్నారు. ఆ లెక్కన పొగాకు వ్యాపారాన్ని ప్రభుత్వ గుత్తకు తీసుకున్న నెపోలియన్ కూడా మావాడే అవుతాడని ఏంగెల్స్ ఎగతాళి చేశాడు. అంటే ఈ వాదనకు సమాధానం నూట నలభై ఏళ్ల కిందటే వచ్చింది. మోప్కా దాకా చేరడానికి ఏదో ప్యాసింజరు ఎక్కినట్టుంది.

నిజం కమ్యూనిస్టులు గద్దె మీదుండి భూమి లాక్కున్న కథ కూడా ఒకటుంది. 2006లో పశ్చిమ బెంగాల్‌లోని సింగూరులో వామపక్ష ప్రభుత్వం 997 ఎకరాలు తీసుకుంది. సామూహిక వ్యవసాయానికనుకునేరు, టాటా వారి లక్ష రూపాయల కారు కోసం. అందుకు వాడిన చట్టం ఏ మాస్కో నుంచి తెచ్చుకున్నదీ కాదు, తెల్లదొరలు రాసిపెట్టిన 1894 నాటి భూసేకరణ చట్టం. కారు గుజరాత్ వెళ్లిపోయింది, 2016 ఆగస్టు 31న సుప్రీంకోర్టు ఆ సేకరణను కొట్టేసి పొలాలు వెనక్కివ్వమంది. మన ఛత్తీస్‌గఢ్‌లోనూ అదే కంపెనీ ఉక్కు కర్మాగారం కోసం బస్తర్ జిల్లా లోహండీగూడలో పది గ్రామాల భూమి తీసుకున్నారు. తీసుకున్నది బీజేపీ ప్రభుత్వం, ఫ్యాక్టరీ రాకపోతే 2019లో 1,707 మంది రైతులకు తిరిగిచ్చింది కాంగ్రెస్ ప్రభుత్వం. లాక్కోవడం కమ్యూనిజమైతే తిరిగివ్వడాన్ని ఏమనాలో పెద్దాయన్నే అడగాలి.

కమ్యూనిస్టులు దొరల భూమిలో కాలు పెడితే ఎలా ఉంటుందో తెలుగువాళ్లకు వేరే చెప్పాలా? 1946 నుంచి 1951 దాకా తెలంగాణలో దేశ్‌ముఖుల పొలాలు పంచిపెట్టింది ఊరి సంఘాలు. అక్కడ ప్రభుత్వం లాక్కోలేదు సరికదా, సైన్యాన్ని దించింది. దాని వెనకే దొరలూ ఊళ్లలోకి తిరిగొచ్చారు. పెద్దాయన సిద్ధాంతం తలకిందులయ్యే చోటు ఇదే గాని, ఆయనకు తెలంగాణ దూరం, సికింద్రాబాద్ జంక్షన్ మాత్రమే దగ్గర.

మరి కోర్టు మాటేమిటి? 2024 నవంబరు 5న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. ప్రైవేటు ఆస్తి ప్రతిదీ సమాజపు వనరు కింద జమ కాదని మెజారిటీ మాట. ముంబయిలో పాత భవనాల యజమానులు వేసిన కేసు అది. ఆ రోజు పెద్దాయన వీధంతా మిఠాయి పంచినంత పని చేశారు, గోడ బతికిందని. రోడ్డుకో కాలువకో చట్ట ప్రకారం డబ్బు చెల్లించి తీసుకునే అధికారం ఆ తీర్పుతో పోలేదని చెబితే మొహం వాడిపోయింది. ఆస్తి హక్కు ప్రాథమిక హక్కుల జాబితాలోంచి 1978లోనే 44వ సవరణతో దిగిపోయిందనీ, ఆ సవరణ చేసింది ఇందిరమ్మను ఓడించి వచ్చిన జనతా ప్రభుత్వమనీ చెబితే ఆ మొహం మరికాస్త వాడేది. నాకు జాలేసి ఆపాను.

ఆస్తి అంటే పవిత్రమనే అమెరికా సంగతీ అంతే. కనెక్టికట్‌లోని న్యూ లండన్ అనే ఊళ్లో ఫైజర్ మందుల కంపెనీ పక్కన అభివృద్ధి చేస్తామని ఇళ్లు తీసుకుంటే, 2005లో వాళ్ల సుప్రీంకోర్టు 5–4తో సరేనంది. నాలుగేళ్లకు ఫైజర్ ఊరు ఖాళీ చేస్తానంది.

ఇక మన బొగ్గు. ఇక్కడ ఒక్క తేదీ దగ్గర మాత్రం పెద్దాయన నెగ్గారని ఒప్పుకోవాలి: ఇందిరమ్మ బొగ్గు గనుల్ని జాతీయం చేసింది 1973 మే 1న, మే డే నాడు. ఆ చట్టాన్ని 2018లో రద్దు చేశారు, 2020 నుంచి గనులు ప్రైవేటు వారికి వేలం వేస్తున్నారు. మారనిది మాత్రం 1957 నాటి బొగ్గు భూముల సేకరణ చట్టం. ప్రకటన గెజిట్లో పడితే ఆ నేల కేంద్రానిది. కొర్బా వైపు ఊళ్లకు ఊళ్లు అలాగే గనుల్లో కలిశాయి. గని తవ్వడం అయిపోయిన నేలను బొగ్గు, కరెంటు సంబంధమైన కట్టడాలకు లీజుకివ్వొచ్చని 2022 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం తేల్చింది. ఆ కొర్బా గనుల కంపెనీ ప్రధాన కార్యాలయం మనకు దగ్గర్లోనే, సీపత్ రోడ్డు మీదే. పెద్దాయన దాని ముందు నుంచే కూరగాయలకు వెళ్తారు. ఊరు గనిలో కలిసిపోవడాన్ని ఆయన "వికాస్" అంటారు, హిందీలోనే. కమ్యూనిజం అనే పెద్దమాటను సొంత గోడకోసం దాచుకున్నారు.

కొర్బా రైతు ఏ ఇజం పేరూ ఎత్తడు. ముఆవ్జా (నష్టపరిహారం) ఎంత, ఉద్యోగం ఎప్పుడు, ఈ రెండే అడుగుతాడు. కోల్ ఇండియా 2012 పునరావాస విధానం ప్రకారం రెండెకరాలకు ఒక ఉద్యోగం. ఎకరమున్నర పోయినవాడు అరెకరం పోయినవాడిని వెతుక్కోవాలి, ఇద్దరూ ఖసరాలు (సర్వే నంబర్లు) కలుపుకుని తమలో ఒకరి పేరు రాసివ్వాలి. భూములు కలపడం, ఉమ్మడిగా ఒక నిర్ణయానికి రావడం, ఫలం ఒకరిపేరు మీద పెట్టి అందరూ ఆశపడటం. పెద్దాయన భయపడుతున్న సరుకు ఈ చుట్టుపక్కల ఎక్కడైనా ఉందంటే ఈ ఒక్క దరఖాస్తులోనే ఉంది. దాన్ని అచ్చేయించింది ప్రభుత్వ రంగ బొగ్గు కంపెనీ.