పలువరసకు వీసా

2025 మొదట్లో అమెరికా ఒక విచిత్రాన్ని కనిపెట్టింది. దేవుడిచ్చిన పళ్ళను దేవుడిచ్చినట్టే ఉంచుకుని కూడా టీవీలో కనిపించవచ్చునట. ‘ది వైట్ లోటస్’ మూడో సీజన్‌లో థాయిలాండ్ రిసార్టులో దోపిడీ జరిగింది, తుపాకులు పేలాయి, ఒక తండ్రి సొంత కుటుంబానికి విషం కలపబోయాడు, అన్నదమ్ములిద్దరు పత్రికలో రాయకూడని పని చేశారు. జనం మాత్రం ఇవన్నీ వదిలేసి చెల్సీ పాత్ర వేసిన ఇంగ్లండు నటి ఏమీ లూ వుడ్ ముందుపళ్ళ మీద పడ్డారు. ఆ పళ్ళు కాస్త పెద్దవి, మధ్యలో సందుంది. నేరమంతా అదే. దంతవైద్యులు వీడియోలు చేశారు. ఫీజు అడగకుండా సలహా ఇచ్చే దంతవైద్యుణ్ణి చూడటం ప్రపంచానికి బహుశా అదే మొదటిసారి.

ఏప్రిల్‌లో అమెరికా హాస్య కార్యక్రమం ‘శాటర్డే నైట్ లైవ్’ వాళ్ళు ఆ సిరీస్‌ను వెక్కిరిస్తూ ఒక స్కిట్ వేశారు. చెల్సీ వేషంలో హాస్యనటి సారా షెర్మన్ కట్టుడు పళ్ళు తగిలించుకుని వచ్చి, ఫ్లోరైడ్ అంటే ఏమిటని అడిగింది. అదీ జోకు. నీళ్ళలో ఫ్లోరైడ్ మితిమీరి పళ్ళూ ఎముకలూ పాడైన నల్లగొండ జిల్లా వాళ్ళకు దీన్ని ఎటునుంచి చదివి నవ్వాలో తెలియదు. తనవి సందుపళ్ళే తప్ప పుచ్చుపళ్ళు కావని వుడ్ గుర్తు చేసింది. నీచంగా ఉంది, పైగా నవ్వు కూడా రాలేదంది. షో తరఫున క్షమాపణ అందిందని కూడా ఆమే చెప్పింది. బ్రిటిష్ పళ్ళ మీద అమెరికాకు ఈ కక్ష పాతదే. 1993లోనే ‘ది సింప్సన్స్’ కార్టూన్ సిరీస్‌లో ఒక పళ్ళ డాక్టరు, సరిగ్గా పళ్ళు తోముకోని పిల్లవాణ్ణి దారికి తేవడానికి బ్రిటిష్ వాళ్ళ చిరునవ్వుల బొమ్మల పుస్తకం తీసి చూపిస్తాడు. పిల్లవాడు హడలిపోతాడు.

ఈ స్కిట్‌తో బ్రిటన్‌లో దేశభక్తి పొంగుకొచ్చింది. మేం మనుషుల్ని తీసుకుంటాం, వాళ్ళు మైనపు బొమ్మల్ని తీసుకుంటారన్నది అక్కడివాళ్ళు చాలాకాలంగా ఇష్టంగా చెప్పుకునే మాట. అందులో నిజం లేకపోలేదు. ‘వెరా’లో 2011 నుంచి 2025 దాకా హంతకుల్ని పట్టుకున్న బ్రెండా బ్లెతిన్ 1946లో పుట్టింది. ఆవిడ ఆస్తంతా ఒక వాలిపోయిన రెయిన్‌కోటు, ఒక నలిగిన టోపీ. ‘హ్యాపీ వ్యాలీ’ మొదటి సన్నివేశంలోనే సార్జెంట్ కేథరిన్ కావుడ్, నిప్పంటించుకుంటానని బెదిరిస్తున్న కుర్రాడికి తన వయసు 47 అని, విడాకులయ్యాయని, చెల్లెలు హెరాయిన్ మానుకునే ప్రయత్నంలో ఉందని గడగడా చెప్పేస్తుంది. ఆ వేషం వేసిన సారా లాంకషైర్ ముఖం మీద ఆ 47 ఏళ్ళూ ఎక్కడివక్కడ ఉంటాయి. అమెరికాలో ఒక పోలీసమ్మ చేత వయసు చెప్పించాలంటే కనీసం కోర్టు ఉత్తర్వు కావాలి.

అందుకే బ్రిటిష్ కథ అట్లాంటిక్ దాటినప్పుడల్లా కథకంటే ముందు ముఖాలకు ఇస్త్రీ జరుగుతుంది. 2013లో ఐటీవీలో వచ్చిన ‘బ్రాడ్‌చర్చ్’లో పిల్లవాడి హత్యను విచారించేది డేవిడ్ టెనెంట్, ఒలీవియా కోల్మన్. మరుసటి ఏడాది ఫాక్స్ వాళ్ళు దాన్నే ‘గ్రేస్‌పాయింట్’ పేరుతో తీశారు. సముద్రం అలాగే ఉంచారు, కొండ అలాగే ఉంచారు, టెనెంట్‌ను కూడా యాస మార్చి అలాగే ఉంచారు. ముక్కు ఎర్రబడేదాకా ఏడ్చే కోల్మన్‌ను మాత్రం మార్చారు. ఆ స్థానంలోకి వచ్చిన ఆనా గన్ మంచి నటి, ఆమెను అనేదేం లేదు. కానీ ఆమె ఆ ఊరు రెండు రోజుల్లో వదిలి వెళ్ళిపోయే మనిషిలా కనిపించింది. పది ఎపిసోడ్లతో సరి. ఐదేళ్ళ తర్వాత ఆస్కార్ కోల్మన్‌కే వచ్చింది.

‘ది ఆఫీస్’ సంగతి ఇంకా సరదా. బ్రిటిష్ మాతృకలో స్లౌ అనే చప్పిడి ఊళ్ళో కాగితాలమ్మే కంపెనీ. అక్కడి ట్యూబులైటు కింద అందరి ముఖాలూ జ్వరం తగ్గిన మర్నాటి ముఖాలే. అమెరికా వాళ్ళు దాన్ని తీసేటప్పుడు పాత్రలు ఎంపిక చేసిన అలిసన్ జోన్స్, రిసెప్షనిస్టు వేషానికి వస్తున్న జెన్నా ఫిషర్‌కు ఫోన్ చేసి మామూలుగా రమ్మంది, అందంగా తయారై రావద్దంది, ధైర్యముంటే నాకు విసుగు పుట్టించి చూడమంది. ఈ ముచ్చట ఫిషరే చెప్పుకుంది. హాలీవుడ్‌లో మామూలుగా ఉండటానికి ముందస్తు హెచ్చరిక కావాలన్నమాట. అక్కడ సాదాతనం కూడా ఒక వేషమే, దానికీ రిహార్సల్ ఉంటుంది.

దీని పరాకాష్ఠ ‘అగ్లీ బెట్టీ’. 1999లో కొలంబియాలో పుట్టిన ఈ కురూపి కథ మన దేశంలో 2003లో ‘జస్సీ జైసీ కోయీ నహీ’ అయింది, 2006లో అమెరికా చేరింది. మూడుచోట్లా పద్ధతి ఒకటే. చక్కటి అమ్మాయిని తెచ్చి పళ్ళకు క్లిప్పులు బిగించి, సోడాబుడ్డి కళ్ళద్దాలు పెట్టి, జుట్టు చెడగొట్టి, ఇదిగో అనాకారి అని జనానికి చూపించడం. మనం మరీ నవ్వక్కర్లేదు. ‘కార్తీక దీపం’లో దీప కష్టాలన్నీ నలుపు వల్లే. ఆ వేషం వేసిన ప్రేమీ విశ్వనాథ్ నల్లగా ఉండరు, మేకప్‌తో నలుపు చేశారు. నల్లపిల్ల పడే అవమానాల కథకు నల్లపిల్లను మాత్రం ఎవరూ పిలవలేదు. ఏళ్ళ తరబడి రోజూ సాయంత్రం కళ్ళు తుడుచుకుంటూ చూసిన మనకూ ఆ అనుమానం రాలేదు.

ఇక బ్రిటన్ వారి గర్వం దగ్గరికి వద్దాం. ముడతలతో, సందుపళ్ళతో, రెయిన్‌కోటుతో తెరమీద తిరిగే హక్కు వాళ్ళు ఇచ్చిన మాట నిజమే. అది ఎవరికిచ్చారని మాత్రం అడగకూడదు. అడిగితే 2011 గుర్తొస్తుంది. ఆ ఏడాది మార్చిలో ‘మిడ్‌సమర్ మర్డర్స్’ నిర్మాత బ్రయన్ ట్రూ-మే ఒక పత్రిక ఇంటర్వ్యూలో, మా సీరియల్లో మైనారిటీలు ఉండరు, ఉంటే అది ఇంగ్లిష్ పల్లెటూరిలా ఉండదని నిర్మొహమాటంగా చెప్పేశాడు. వారం వారం ముగ్గురు నలుగురు చచ్చే పల్లెటూళ్ళవి. శవం వేషం కూడా స్థానికులకే రిజర్వు చేశారని అర్థం. గొడవైంది, ఆయన్ను సస్పెండ్ చేశారు, ఆ తర్వాత ఆయనే తప్పుకున్నాడు. 2016లో ఆ సీరియల్లోకి మంజిందర్ విర్క్ డాక్టర్ కామ్ కరిమోర్‌గా వచ్చింది. చేసే పని పోస్టుమార్టం. ఆ ఊళ్ళో హాయిగా బతకడానికి ఇంకా అనుమతి రాలేదు గానీ, చచ్చిన తెల్లవాళ్ళను కోయడానికి వచ్చింది.

సాదా ముఖాలకు కొదవలేని ఆ దేశంలో నల్లజాతి నటులకు, ఆసియా నటులకు వేషాలే లేవు కాబట్టి వాళ్ళు విమానం ఎక్కారు. ‘సీక్రెట్స్ అండ్ లైస్’ సినిమాతో ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళిన మరియాన్ జాన్-బాప్టిస్ట్‌ను 1997లో కాన్ ఉత్సవానికి తీసుకెళ్ళిన బ్రిటిష్ యువతారల జట్టులో చేర్చడం మరిచిపోయారు. ఆవిడ ఆ మాట పైకే అని, అమెరికా వెళ్ళి ‘వితౌట్ ఎ ట్రేస్’లో ఏడు సీజన్లు ఎఫ్‌బీఐ ఉద్యోగం చేసింది. లండన్ హాక్నీలో పుట్టిన ఇద్రిస్ ఎల్బా 2002లో ‘ది వైర్’లో బాల్టిమోర్ మాదకద్రవ్యాల వ్యాపారి అయితే తప్ప సొంత దేశానికి సరిగ్గా కనబడలేదు. బీబీసీ ‘లూథర్’ ఇచ్చింది 2010లో. అదే ఏడాది ‘ది గుడ్ వైఫ్’లో కలిందా శర్మగా ఆర్చీ పంజాబీ ఎమ్మీ తీసుకుంది. ఆవిడదీ లండనే. తమ పిల్లలు పైదేశంలో పైకి వస్తే దండలు పట్టుకుని విమానాశ్రయానికి పరిగెత్తడంలో బ్రిటిష్ వాళ్ళు మనకేమీ తీసిపోరు.

ఆ ముడతల హక్కు కూడా వేషం వేసినంతసేపే. సొంత పేరుతో కెమెరా ముందు నిలబడితే చెల్లదు. బీబీసీలో పల్లెలూ పొలాల మీద వచ్చే ‘కంట్రీఫైల్’ అనే కార్యక్రమం ఉంది. 2009లో దాన్ని ఆదివారం సాయంత్రానికి మార్చినప్పుడు యాభై దాటిన వ్యాఖ్యాత మిరియం ఓరైలీని తీసేశారు. హైడెఫినిషన్ వస్తోంది, ముడతలు జాగ్రత్త అని ముందే హెచ్చరిక అందిందని ఆవిడ ట్రిబ్యునల్‌కు చెప్పుకుంది. 2011లో వయోవివక్ష కేసు గెలిచింది. 1940లో పుట్టిన జాన్ క్రేవెన్ ముడతలకు ఏ హెచ్చరికా అందినట్టు లేదు. ఆయన అదే కార్యక్రమంలో గొర్రెల మధ్య తిరుగుతూనే ఉన్నాడు.

అయితే అమెరికా ధర్మప్రభువనుకోవద్దు. అక్కడ వైవిధ్యం పుట్టింది మనసు కరిగి కాదు. 1999లో అక్కడి పెద్ద నెట్‌వర్కులు 26 కొత్త కార్యక్రమాలు ప్రకటిస్తే ఒక్కదానిలోనూ ప్రధాన పాత్ర మైనారిటీలది కాదు. నల్లజాతివారి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ నాయకుడు క్వీసీ ఎంఫూమే బహిష్కరణ అన్నాడు, కోర్టు అన్నాడు. ఆ రెండు మాటలూ చెవిన పడగానే నెట్‌వర్కులకు నల్లవారి మీద, గోధుమరంగు వారి మీద ఎక్కడలేని ఆప్యాయత పుట్టుకొచ్చింది. పథకాలు పెట్టారు, వైవిధ్యం చూసే ఉపాధ్యక్షుల్ని వేసుకున్నారు. అప్పటికి ‘ఫ్రెండ్స్’లో ఆరుగురు మిత్రులు న్యూయార్కు నగరమంతా తిరిగేస్తూ ఒక నల్లజాతి స్నేహితుణ్ణి కూడా సంపాదించుకోలేకపోయారు. దానికి సిగ్గుపడి సృష్టికర్తల్లో ఒకరైన మార్తా కాఫ్మన్ 2022లో ఒక విశ్వవిద్యాలయంలో ఆఫ్రికన్ అధ్యయనాల పీఠానికి 40 లక్షల డాలర్లు ఇచ్చింది. ఒక స్నేహితుడి పాత్రకు జీతం అంతకంటే తక్కువే అయ్యేది.

ఇప్పుడు అక్కడి పాత్రల ప్రకటనల్లో ఏ జాతివారైనా సరే అని రాస్తారు. మా వాళ్ళకు ఏ పట్టింపులూ లేవండీ అంటూ పెళ్ళిచూపులకొచ్చే మగపెళ్ళివారిని చూసినవాళ్ళకు ఆ వాక్యం తర్వాత ఏం వస్తుందో తెలుసు. రంగు ఏదైనా పర్లేదు, నడుం మాత్రం ఇంతే ఉండాలి, పళ్ళు ఒకే వరసలో ఉండాలి, చర్మం మీద రంధ్రాలు కనిపించకూడదు. ఒక సిరీస్ పోస్టరు మీద అయిదు ఖండాల మనుషులుంటారు, అందరూ ఒకే జిమ్ముకు వెళ్ళొచ్చినట్టుంటారు. ఈ కొలతలకు లొంగని నటి మిండీ కేలింగ్‌ను ఇంటర్వ్యూల్లో పదేపదే అడిగే ప్రశ్న, మీకింత ఆత్మవిశ్వాసం ఎలా వచ్చిందని. అంటే, ఈ రూపంతో మీరెలా బయటికొచ్చారని. మర్యాదగల దేశం కనుక తిప్పి అడుగుతారు.

ముఖమే అక్కర్లేని చోట కూడా ఈ జబ్బు వదల్లేదు. సింప్సన్స్‌లో దుకాణం నడిపే అపూ గొంతు తెల్లజాతి నటుడు హ్యాంక్ అజేరియాది. పసుపు రంగు బొమ్మల మధ్య ఒక గోధుమరంగు బొమ్మ, దానికి తెల్లగొంతు. ఇదేమిటని 2017లో ఒక డాక్యుమెంటరీ తీసి అడిగినవాడు హరి కొండబోలు, మన తెలుగింటి బిడ్డ. 2020లో అజేరియా ఆ గొంతు మానుకున్నాడు.

తెలుగువారి వాటా ఇంకొకటుంది. 2013 సెప్టెంబరులో మిస్ అమెరికా కిరీటం బెజవాడ మూలాలున్న నీనా దావులూరి తలమీద పెట్టడం ఆ దేశమంతా టీవీలో చూసింది. ఆ రాత్రే ట్విట్టర్‌లో ఆమెను అరబ్బు అన్నారు, ఉగ్రవాది అన్నారు. తెల్లారేసరికి ఇక్కడి వ్యాఖ్యాతలు తేల్చిన సంగతేమిటంటే, ఇంత చామనఛాయ పిల్ల మన దేశపు పోటీలో అయితే గెలిచేదే కాదని. ఒక్క పన్నెండు గంటల్లో రెండు ఖండాలవాళ్ళు రెండు వేర్వేరు కారణాలతో ఆ ముఖాన్ని తిరగ్గొట్టారు. నా లెక్కలో ఇదొక రికార్డు.

చివరికి ఉభయ దేశాలూ రాజీపడి తీసింది ‘బ్రిడ్జర్టన్’. డబ్బు అమెరికాది, నిర్మాత షోండా రైమ్స్ కంపెనీది. బంగళాలూ గుర్రాలూ ఇంగ్లండువి. 2022లో వచ్చిన రెండో సీజన్ కోసం దానికి ఆధారమైన నవలలోని షెఫీల్డ్ కుటుంబాన్ని శర్మ కుటుంబం చేశారు. అక్కాచెల్లెళ్ళుగా సిమోన్ యాష్లీ, చరిత్రా చంద్రన్, ఇద్దరూ తమిళ మూలాలవారు. నల్లటి పిల్ల ప్రేమకథకు నాయిక కావడం చూసి నేనూ సంతోషించాను, అందులో వ్యంగ్యం లేదు. కాకపోతే ఈ శర్మలు బొంబాయి నుంచి వస్తారు. తండ్రిని అప్పా అంటారు, అక్కను దీదీ అంటారు, చెల్లిని బెంగాలీలో బోన్ అంటారు. జాతీయ సమైక్యత శాఖ వారు కూడా ఇంత పకడ్బందీగా కుటుంబం కట్టలేరు. పెళ్ళికి ముందు తల్లీ కూతుళ్ళు కూర్చుని పసుపు రాసుకునే సన్నివేశం కూడా ఉంది. కొవ్వొత్తుల వెలుగులో అందరూ అందంగా ఉన్నారు, పళ్ళన్నీ వరసలో ఉన్నాయి. చీర కుచ్చిళ్ళు ఎగదోసి, చెమట తుడుచుకుంటూ, పసుపులో నూనె చాల్లేదని మూతి విరిచే లావుపాటి మేనత్త మాత్రం ఒక్కతీ కనపడలేదు. ఆవిడను ఏ దేశపు ఆడిషన్‌లో ఆపేశారో ఇంకా తెలియలేదు.