అలిపిరి పిలుపు: టీకా తాత్పర్య సహితము

మూలం

"రాండి సామీ, రాండి! మంగాపురం, చంద్రగిరి కోట, మజ్జానానికి మదనపల్లి, పొద్దుగూకేలోపల హార్సిలీ కొండ. అంతా నిమ్మళంగా జూసుకోని రావచ్చు. సీట్లు రెండే ఉండాయి!"

అవతారిక

అలిపిరిలో పాదాల మండపం దగ్గర శ్రీవారి పాదాలు నెత్తిన పెట్టుకుని ప్రదక్షిణ చేసేవారు కొందరు. ముందున్న 3,550 మెట్లను తలచుకుని నిట్టూర్చేవారు కొందరు. దర్శనం అయిపోయి, రైలు రేపటికి గాని లేక, నడుమ ఒక పగలు మిగిలిపోయినవారు ఇంకొందరు. ఈ మూడో తెగవారిని ఉద్దేశించి జీపు డ్రైవరు నోట వెలువడినదే పై వాక్యం. కర్త ఒకడు కాడు. 1944లో ఘాట్‌రోడ్డు పడకముందు డోలీలవాళ్లు వేసిన కేకలకు ఇది వారసత్వమని నా ఊహ.

మూలంలో లేనిది ఒక్క ముక్కా రాయనని వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిన పట్టాడు. ఆయన జీపెక్కి ఉండడు. ఈ వాక్యంలో అసలు సంగతంతా లేనిదాంట్లోనే ఉంది.

ప్రతిపదార్థం

రాండి = రండి. ద్విరుక్తి ఎందుకంటే, మొదటిది చెవికి, రెండోది మోచేతికి. రెండో 'రాండి' వినపడేసరికి మన బ్యాగు ఆయన చేతిలో ఉంటుంది.

సామీ = ఓ స్వామీ. ఏడుకొండలవాడికీ, ఇప్పుడే కొండ దిగి వచ్చినవాడికీ ఈ ఊళ్లో ఒకటే పిలుపు. బేరం కుదిరాక ఇది 'సార్' అవుతుంది. బేరం చెడితే సంబోధనే ఉండదు.

మంగాపురం = శ్రీనివాస మంగాపురం. పెళ్లయిన కొత్తలో స్వామి, పద్మావతమ్మ ఆరు నెలలు ఇక్కడే ఉన్నారని స్థలపురాణం. జీపువారి లెక్కలో అర్ధగంట.

చంద్రగిరి కోట = దీనికి వ్యాఖ్య కింద ఉంది.

మజ్జానానికి మదనపల్లి = ఇక్కడి 'కి' విభక్తి మీద వివాదం. 'మధ్యాహ్నమయ్యేసరికి' అని కాలార్థం చెబుతారు కొందరు. అది పూర్వపక్షం. 'తిండి కోసం మాత్రమే' అన్నది సిద్ధాంతం. 1919లో రవీంద్రనాథ ఠాకూరు ఇక్కడి బీసెంట్ థియొసాఫికల్ కాలేజీలో విడిది చేసి 'జనగణమన'ను ఇంగ్లీషులోకి తెచ్చాడు. జిడ్డు కృష్ణమూర్తి పుట్టింది ఈ ఊళ్లోనే. జీపు మాత్రం నేరుగా మెస్ ముందే ఆగుతుంది. పప్పు, టమాటా రసం బాగుంటాయి. టమాటాల రాజధానిలో అదీ బాగోకపోతే ఇంకెక్కడ?

ఇక చార్జీ, భోజనం ఖర్చు, టోలుగేటు, కోటలో టికెట్టు, శుక్రవారం మ్యూజియంకు సెలవన్న సంగతి — ఇవన్నీ అధ్యాహారం. చదువరి తనంతట తెచ్చుకుని కలుపుకోవాలి.

తాత్పర్యం

జీపెక్కుము.

విశేషాలు

'నిమ్మళంగా' అన్నది ఈ వాక్యానికి ప్రాణం. మా చిత్తూరు వైపు దీనికి తొందర లేకుండా, మనసు కుదురుగా అని అర్థం. చంద్రగిరిలో జీపు ఆగగానే డ్రైవరు గడియారం చూసి "నలభై నిమిషాలు సామీ" అంటాడు. ఆ నలభై నిమిషాల్లో బయటి గోడను చూస్తే లోపలి మహలు దొరకదు, మహలు చూస్తే గోడ దొరకదు. నన్నడిగితే గోడే చూడమంటాను. సున్నం తగలకుండా, ఒక్కొక్క బండను పక్క బండ ఒరవడికి చెక్కి ఇరికించారు. సందులో వేలు పెట్టబోతే గోరు కూడా దూరదు. రాజమహలు మూడంతస్తుల్లోనూ కర్ర లేదు. రాయి, ఇటుక, సున్నం, అంతే. లోపల మ్యూజియం ఉంది. జనం ఎక్కువసేపు నిలబడేది మాత్రం కిటికీ కమాను కింద, ఫోటో కోసం.

ఈ కోట కథలోనూ నిమ్మళం తక్కువే. 1565లో రాక్షస తంగడి యుద్ధం పోయాక విజయనగర రాజధానే టూరు కట్టింది. ముందు పెనుగొండ, తర్వాత చంద్రగిరి, ఆపైన వేలూరు. వెనక నుంచి బీజాపూరు, గోల్కొండ సేనలు హారను కొడుతుంటే ఎవడికి నిమ్మళం? 1639లో దామర్ల వెంకటాద్రి నాయకుడు ఇంగ్లీషు కంపెనీకి మద్రాసు నేల దఖలు చేశాడు. ఆ పత్రం మీద సంతకం ఈ రాజమహలులోనే పడిందని ఊరి వాడుక. అంతకు చాలా ముందు, కృష్ణదేవరాయలు 1513 మొదలు ఏడుసార్లు తిరుమలకు వచ్చాడు. ఆయన తన తమ్ముడు అచ్యుతరాయలను పెట్టింది ఈ కోటలోనే, కాపలాలో. 1529లో అన్న పోయాక గాని ఆయన బయటపడి పట్టం కట్టుకోలేదు. గోడగోడనూ, గడపగడపనూ నిమ్మళంగా చూసుకున్న టూరిస్టు చంద్రగిరికి ఆయనొక్కడే. ఆయనకు తిరుగు జీపు లేదు.

అచ్యుతరాయల తర్వాత ఆ భాగ్యం మన డ్రైవరుది. మనం గోడలు పట్టుకుని తిరిగే సేపూ ఆయన చింతచెట్టు కింద సీటు వెనక్కి వాల్చి నిద్రపోతాడు. కనుక 'నిమ్మళంగా' అన్న పదానికి అన్వయం 'జూసుకోని'తో కాదు, అనుక్తమైన 'నేను'తో.

'పొద్దుగూకేలోపల' అన్నది భాకరాపేట ఘాటులో లారీలు ఎన్ని ఉన్నాయో అన్నదాన్ని బట్టి. హార్సిలీ కొండ ఎత్తు 4,000 అడుగుల పైచిలుకు. మదనపల్లె అప్పట్లో కడప జిల్లాలో ఉండేది. ఆ జిల్లా కలెక్టరు హార్సిలీ దొర ఎండలకు తాళలేక 1870 ప్రాంతంలో పైన బంగళా కట్టుకున్నాడు, పేరు ఆయనకు పోయింది. అంతకుముందు, ఇప్పటికీ ముసలివాళ్ల నోట, అది ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగుల నడుమ పెరిగిన మల్లమ్మ చెంచుల బిడ్డలకు మందులిచ్చి ఒకనాడు మాయమైందంటారు. కలెక్టరు వేసవికి వచ్చి పోయాడు, మల్లమ్మ గుడిలో ఉండిపోయింది. బోర్డు మీద ఎవరి పేరు రాయాలో మన ప్రభుత్వాలు తేల్చుకోలేదు గాని, మొక్కేవాళ్లు ఎప్పుడో తేల్చుకున్నారు.

'రావచ్చు': వ్యాకరణరీత్యా ఇది సంభావన. కవి 'తీసుకొస్తా' అనలేదు. పంక్చరు, పొగమంచు, దారిలో టీ, డ్రైవరు బావమరిది ఊరు అన్నీ ఈ 'వచ్చు'లో ఇమిడిపోయాయి.

'సీట్లు రెండే': ఇది లక్షణ. బండి ఖాళీగా ఉన్నప్పుడూ రెండే, ఆరుగురు కూర్చున్నాకా రెండే. ఆ రెంటి మీదా డ్రైవరు తువ్వాలు పరిచి ఉంటుంది. తువ్వాలు తీస్తే కింద మూడో సీటు కూడా కనపడుతుంది.

ఫలశ్రుతి

ఈ టీకను తెల్లవారుజామున పఠించి అలిపిరికి పోయినవారికి కిటికీ పక్క సీటు లభిస్తుంది. పఠించక ఎక్కినవారికి గేరు రాడ్డు పక్కది.