త్రీ నాట్ త్రీ: విప్పదీయు విధానము

త్రీ నాట్ త్రీ రైఫిల్ అనగానే పోలీసు జవాను భుజం గుర్తొస్తుంది గానీ, ఆ తుపాకి ఆయుష్షులో ఎక్కువ భాగం కోత్ అనే ఆయుధాల గదిలో గోడకు ఆనుకునే గడిచింది. మొండితనం అక్కడే అబ్బింది. 1907లో బ్రిటిష్ సైన్యం స్వీకరించిన ఎన్‌ఫీల్డ్ మార్క్ 3 నమూనాను బెంగాల్‌లోని ఈశాపూర్ కర్మాగారం దశాబ్దాల పాటు తయారుచేసింది. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవ కవాతులో దానికి వీడ్కోలు పలికారు. దాని స్క్రూలు మాత్రం ఎవరినీ వీడేలా లేవు.

పౌరులకు నిషిద్ధమైన బోరు కాబట్టి దీన్ని విప్పే యోగం ఆర్మరర్‌కే దక్కుతుంది. బిలాస్‌పూర్ దగ్గరి సీపత్‌లోని 2,980 మెగావాట్ల విద్యుత్ కేంద్రంలో బోల్టు మొరాయిస్తే ఫిట్టర్‌కు ఏ కొలత స్పానర్ అందుకోవాలో తెలుసు. ఎన్‌ఫీల్డ్ మరలకు ఆ మర్యాద లేదు. వాటి చుట్లు వాటివే, బిలాస్‌పూర్ గోల్ బజార్ అంతా గాలించినా జోడు దొరకదు. కనుక తల చెడిన స్క్రూ అంటే పోయిన స్క్రూ అనే లెక్క. గాడికి నిండుగా పట్టే స్క్రూడ్రైవర్ లేనివాడు తుపాకిని ముట్టుకోకపోవడమే ఉత్తమం.

బిలాస్‌పూర్ మాట వచ్చింది గనుక, 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే తన ఉద్యోగులతో ఒక వాలంటీర్ తుపాకీ దళాన్నే నడిపింది. అందులో ఎక్కువమంది తెల్లవాళ్లు, ఆంగ్లో ఇండియన్లు. ఆ రైలు పట్టాల వెంట బిలాస్‌పూర్ చేరిన తెలుగువాళ్ల చేతికి వచ్చింది స్పానరే. మొండి మరతో ఎలా మెలగాలో తుపాకి కంటే అదే బాగా నేర్పుతుంది.

ఇక విప్పడం. మొదట గుండును గొట్టంలోకి నెట్టే బోల్టు బయటికి తీసి, గుండు లేదని కంటితోను వేలితోను తేల్చుకోవాలి. ఆ తరువాత మ్యాగజైన్. (ఇదే రైఫిల్‌ను పోలీసుల కోసం .410 మస్కెట్‌గా మార్చినప్పుడు మ్యాగజైన్‌లో కొయ్యముక్క దిగ్గొట్టి, ఒక్కో గుండే పెట్టుకునేలా చేశారు. పోలీసుల మీద ప్రభుత్వానికి ఎంత నమ్మకమో ఆ కొయ్యముక్కే చెబుతుంది.)

గొట్టం కొసన ఉండే ఇనుప ముక్కు పెళ్లిలో అలిగిన మేనమామ లాంటిది. స్క్రూలు తీసేసినా కదలదు, లాగితే చెక్కను వెంట చీల్చుకుని వస్తుంది. వానాకాలంలో చెక్క ఉబ్బి పట్టు ఇంకా బిగుస్తుంది. కిరసనాయిలు చుక్కలు వేసి ఒక రాత్రి ఆగి, కొయ్యసుత్తితో ఇటూ అటూ మెల్లగా తట్టాలి. స్క్రూ తలే మొండికేస్తే దాని మీద వేడి సోల్డరింగ్ ఐరన్ కాసేపు ఆనిస్తే తుప్పు పట్టు సడలుతుంది. ఇక్కడ సుత్తి బరువు పెంచుకుంటూ పోయేవారు తరువాత వడ్రంగిని వెతుక్కుంటారు.

అసలు ఉచ్చు భుజానికి ఆనించే బట్ దగ్గర ఉంది. బట్ చెక్క లోపల పొడవాటి బోల్టు ఒకటి దాగి ఉంటుంది. చాలా పాత మార్క్ 3 తుపాకుల్లో ఆ బోల్టు చదరపు కొస, గొట్టం కింద ఉండే ముందు చెక్కలోని చిన్న పలక గాడిలో కూర్చుంటుంది. ముందు చెక్క ఉండగానే బోల్టు తిప్పితే బోల్టు తిరుగుతుంది, పలక తిరుగుతుంది, వాటితో పాటు చెక్క నిలువునా పగులుతుంది. బలవంతులకే ఈ ప్రమాదం ఎక్కువ. కండ తక్కువవాడు అక్కడే ఆగి, ముందు చెక్క తీయాలని గ్రహిస్తాడు.

బిగించేటప్పుడు వరస తలకిందులవుతుంది. మొదట బట్ బోల్టు బిగించి, చదరపు కొస పలకకు సరిపడేలా నిలబెట్టాలి. అది వాలి ఉంటే ముందు చెక్క కూర్చోదు. కూర్చోకపోతే గుద్దకూడదు. పిదప ముందు చెక్క, ట్రిగ్గర్ గార్డు స్క్రూలు, చివరికి ఇనుప ముక్కు. చెక్కకు పల్చగా అవిసె నూనె పూస్తే చాలు, మెరుపు కోసం వార్నిష్ పూసేవారు తుపాకిని టీపాయ్‌గా భావిస్తున్నారన్నమాట.

నూనె సీసా, గొట్టం తుడిచే తాడు బట్‌లోని అరలో పెట్టి ఇత్తడి మూత వేయాలి. ఆ మూత స్ప్రింగ్ బలంగానే ఉంటుంది, గోరు జాగ్రత్త.