గోడ మీది లైన్‌ప్లాట్ ఆత్మకథ

లైన్‌ప్లాట్ అంటే ఒక సంఖ్యారేఖ, దాని మీద ఒకదానిపై ఒకటి పేర్చిన ఇంటూ గుర్తులు. ఒక్కో గుర్తు ఒక్కో కొలత. ఇక్కడ తన కథ చెప్పుకుంటున్న పటం పుట్టింది అమెరికాలో ఒక బడిలో, ఆరో తరగతి గదిలో. ఆ తరగతి నుంచి దీన్ని డాట్‌ప్లాట్ అనడం మొదలవుతుంది. ఇంటూ గుర్తుల చోట చుక్కలు రావచ్చు గాని చదివే పద్ధతి మారదు.

దీని పూర్వీకురాలు సంఖ్యారేఖ. గీత మీద మనిషిని ముందుకూ వెనక్కూ నడిపించి కూడికనూ తీసివేతనూ వివరించిన పుస్తకాన్ని ఇంగ్లండు గణితజ్ఞుడు జాన్ వాలిస్ 1685లో ప్రచురించాడు. 2010లో అమెరికా బడుల కోసం వచ్చిన కామన్ కోర్ ప్రమాణాలు లైన్‌ప్లాట్‌ను రెండో తరగతిలోనే పెట్టాయి. అక్కడ పూర్తి అంగుళాలతో మొదలై, మూడులో అర, పావు అంగుళాలకు, నాలుగు, ఐదు తరగతుల్లో అరపావులకు వెళుతుంది. పావు, ముప్పావు అని ఇంట్లో రోజూ వినే తెలుగు పిల్లలకు ఈ భాగాలు కొత్తగా అనిపించవు.

ఈ పటం కోసం చార్టు కాగితం మీద 3 నుంచి 7 దాకా గీత గీసి, పావు అంగుళానికొక గాటు పెట్టారు. ఇరవైమంది పిల్లలు తమ తమ పెన్సిళ్లు స్కేలు పక్కన పెట్టి కొలిచి, దగ్గరి పావుకు సరిచేసి, ఒక్కొక్కరే వచ్చి గుర్తు వేశారు. ఐదుంపావు మీద 1, ఐదున్నర మీద 2, ఐదు ముప్పావు మీద 3, ఆరు మీద 6, ఆరుంపావు మీద 4, ఆరున్నర మీద 2, ఏడు మీద 1. ఇవన్నీ ఒక గుంపు. వీటికి దూరంగా ఎడమ చివర, 3 మీద ఒకే ఒక్క గుర్తు. చెక్కీ చెక్కీ అరిగిపోయిన పెన్సిలు ముక్క అది. దానికీ గుంపుకీ మధ్య ఎనిమిది ఖాళీ గాట్లు. ఈ పటానికి అన్నిటికన్నా గర్వం ఆ ఖాళీ మీదే. తక్కిన పెన్సిళ్లకు ఆ ముక్క ఎంత దూరమో చెప్పేది అదే మరి.

చదవడంలో తడబాటు ఎక్కువగా ‘6’ దగ్గర వచ్చింది. గీత కింద ఉన్న 6 పొడవు, గీత పైన ఉన్న 6 పెన్సిళ్ల లెక్క. ‘ఎక్కువ పెన్సిళ్లకున్న పొడవు ఎంత?’ అన్నా ఆరే, ‘ఆ పొడవు ఉన్నవి ఎన్ని?’ అన్నా ఆరే. మొదటిది అంగుళాలు, అదే బాహుళకం. రెండోది దాని పౌనఃపున్యం. జవాబు పక్కన ‘అంగుళాలు’ అని రాయని పిల్లలకు ఆ తేడా తెలిసిందో లేదో చెప్పలేం. పెన్సిళ్లు మొత్తం ఎన్ని అంటే గుర్తులున్న గాట్లు లెక్కపెట్టి ‘8’ అన్నవాళ్లూ ఉన్నారు. లెక్కపెట్టాల్సింది ఇంటూ గుర్తులను. ‘ఆరంగుళాల కన్నా పొడవైనవి’ అంటే 7, ‘ఆరు, అంతకు మించినవి’ అంటే 13. ఒక్క మాట తేడాతో ఆరు పెన్సిళ్లు లోపలికి వస్తాయి.

మధ్యగతం కోసం చిన్నదాని నుంచి లెక్కపెడుతూ పోతే పదోది, పదకొండోది రెండూ 6 మీదే ఉన్నాయి. కాబట్టి అదీ 6. వ్యాప్తి 7లో 3 తీసేస్తే 4. అంకగణిత సగటుకు ప్రతి పొడవునూ దాని పైనున్న గుర్తులతో గుణించి కూడాలి. మొత్తం 117.5 అంగుళాలు, ఇరవైతో భాగిస్తే 5.875. అంటే ఆరుకు అరపావు తక్కువ. కొరత తెచ్చింది ఆ ముక్కే.

ఆ తర్వాత పటాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. దాని కింద కొక్కేలకు సంచులు తగిలించేవారు. హీటరు గాలికి ఎడమ వైపు టేపు ఊడింది. మూల మడత పడి, 3 మీది గుర్తును సరిగ్గా కప్పేసింది. కొన్ని వారాల తర్వాత పునశ్చరణ రోజున అదే పటాన్ని చూసి మళ్లీ లెక్కలు చేయించారు. పెన్సిళ్లు 19 అన్నారు. చిన్నది ఐదుంపావు అన్నారు. వ్యాప్తి 4 నుంచి ఒకటి ముప్పావుకు పడిపోయింది. సగటు ఆరు దాటింది. బాహుళకం, మధ్యగతం మాత్రం కదలకుండా ఆరు దగ్గరే ఉన్నాయి. చివర ఒక్క విలువ పోయినంత మాత్రాన అవి ఇక్కడ చలించలేదు. భాగహారాలన్నీ సరైనవే, ఒక్క తప్పు లేదు. మూల ఎత్తి చూసినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. తరగతిలో ఇరవైమంది ఉండగా కొలతలు పంతొమ్మిదే ఎందుకున్నాయని ఎవరూ అడగకపోవడం ఈ పటానికి ఇప్పటికీ బాధే.

నోటుపుస్తకంలోకి ఎక్కించుకున్న ఒక కుర్రాడు అంతకు ముందే దీన్ని ఇంకోలా గాయపరిచాడు. ఖాళీ గాట్లు ఎందుకని వదిలేసి, 3 పక్కనే ఐదుంపావు రాశాడు. గుర్తులన్నీ ఉన్నాయి, దూరం పోయింది. ముక్క పెన్సిలు గుంపులో కలిసిపోయింది.

వేసవి సెలవులకు గది ఖాళీ చేసేటప్పుడు అదే గోడకు కొత్త కమ్మీ చిత్రం అంటించారు. వందల కొలతలను గుంపులుగా చేసి చూపడం దానికి తేలిక. వంద గుర్తులు పేర్చడం లైన్‌ప్లాట్ వల్ల అంత తేలిగ్గా అయ్యే పని కాదు. కాని ఫలానా పెన్సిలు ఫలానా చోట అని వేలు పెట్టి చూపించడం కమ్మీల వల్ల కాదు. పాత చార్టును కుడి వైపు నుంచి చుట్టి కాగితాల బుట్టలో వేశారు. అలా చుట్టినప్పుడు మడత విడిపోయి, ఎడమ చివర 3 మీది ఇంటూ గుర్తు చుట్ట పైకి వచ్చింది.