బేస్‌మట్టం అడుగున్నర

కోనసీమలో వానాకాలం నాలుగడుగులు తవ్వితే చాలు, ఊట. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు కాస్త దిగుతుంది గానీ, జూన్‌లో గోదావరి నీళ్లు వదిలిన సంగతి పొలాల కంటే ముందు మా గోడలకే తెలుస్తుంది.

పునాది పైన ఇటుక మొదలయ్యే చోట తడి ఎక్కకుండా ఒకటిన్నర అంగుళం కాంక్రీటు పట్టీ వెయ్యాలి. డీపీసీ అంటారు. మా ఇల్లు కట్టిన మేస్త్రి అది సిమెంటు దండగన్నాడు. దాంతో వత్తి నూనె పీల్చినట్టు ఇటుక నేలలోని తడిని పైకి లాగుతోంది. తడి ఆవిరైపోయినా, తెచ్చిన ఉప్పు గోడలోనే ఉండిపోతుంది. ఆ ఉప్పు పొంగినప్పుడల్లా పెయింటు పొక్కి, పెచ్చులు రాలతాయి.

మేస్త్రిని మించినవారు సిద్ధాంతిగారు. వాన నీళ్లన్నీ ఈశాన్యానికే పోవాలన్నారు. వీధి కాలువేమో నైరుతిలో ఉంది. ఈశాన్యంలో పక్కింటివారి ప్రహరీ. ఇక నీళ్లు ఎక్కడికి పోతాయి? అక్కడే, మా దేవుడి గది గోడకి ఆనుకుని నిలబడతాయి. పటాల వెనక అట్టలు ఉబ్బిపోతే, స్వామికి నిత్యాభిషేకం జరుగుతోందని మా అత్తగారు సంతోషించారు.

హాల్లో మచ్చ కనపడకుండా మా ఆవిడ బంగారు కొట్టువాళ్ల క్యాలెండరు తగిలించింది. మచ్చ మోకాలి ఎత్తులో ఉంది కాబట్టి క్యాలెండరూ అక్కడే. వర్జ్యం చూడాలంటే మా నాన్న గొంతుక్కూచోవాలి. “చూసి లేచేసరికి వర్జ్యం వెళ్లిపోతోందిరా” అని ఆయన గోల.

పెయింటరొచ్చి, లోపలివైపు వాటర్‌ప్రూఫ్ పెయింటు పట్టించాడు. కింద దారి మూసేసరికి తడి ఇంకాస్త పైకెక్కింది. దాంతోపాటు క్యాలెండరూ ఎక్కింది. నాన్నకి మోకాళ్ల నొప్పులు తగ్గాయి. ఆ పెయింటు వల్ల కలిగిన లాభం అదొక్కటే. గ్యారంటీ ఇచ్చావు కదయ్యా అంటే, “పెయింటుకండి, గోడకి కాదండి” అన్నాడు.

చివరికి అమలాపురం నుంచి ఓ పెద్ద మేస్త్రి వచ్చాడు. గోడ వంక చూడనైనా చూడకుండా పెరట్లోకి నడిచాడు. అప్పుడే నాకు నమ్మకం కుదిరింది. ఇటుక బయటపడేదాకా పెచ్చు చెక్కించి, నేలకి దగ్గరగా వరసన డ్రిల్లుతో బెజ్జాలేయించి, తడి ఎక్కనివ్వని కెమికల్ పోయించాడు. బయట గోడ చుట్టూ వాలుగా గచ్చు చేయించి, ఈశాన్యాన్ని మెరక చేయించాడు. సిద్ధాంతిగారు చూస్తే ఏమంటారోనన్నాను.

“పైన టైల్సేసేద్దామండి. వాలు ఆయనకి కనపడదు, నీళ్లకి కనపడుద్ది.”

గోడ పూర్తిగా ఆరేదాకా పుట్టీ ముట్టుకోవద్దన్నాడు. అది ఆరుతుండగానే మా వీధికి కొత్త సీసీ రోడ్డొచ్చింది. పాత రోడ్డు తవ్వకుండా దానిమీదే పోశారు. ఇదివరకటి రోడ్లు తిన్నది పోగా మిగిలిన మా బేస్‌మట్టం, ఆ పూటతో రోడ్డుకి సమానమైంది.

పెద్ద మేస్త్రి కొలిచి చూశాడు. “ఇంక ఇల్లే లేపాలండి, జాకీలెట్టి. మూడడుగులు లేపేసి, కింద ఇటుక కట్టేస్తారు. ఈసారి డీపీసీ నేనే దగ్గరుండి ఏయిస్తానండి.”

అంతెత్తు లేపితే మళ్లీ గృహప్రవేశం చెయ్యాలేమోనని మా నాన్నకి అనుమానం వచ్చింది. చెయ్యాల్సిందేనని సిద్ధాంతిగారు ముహూర్తం కూడా పెట్టేశారు. జాకీలవాళ్లతో బేరమే ఇంకా కుదరలేదు.