డొక్కతో కలిపి బ్లాక్‌బస్టర్

అమలాపురంలో హాల్లోంచి బయటికొచ్చినవాణ్ణి ఇదివరకు "ఎలా ఉందండీ సినిమా?" అని అడిగేవారు. ఇప్పుడు "ఎంత లాగుతుందంటారు?" అంటున్నారు. అడిగేది సినిమా గురించో, ఇటుకల లారీ గురించో అర్థం కాదు. నాకు మొదటి ప్రశ్నకే జవాబు తెలుసు. అందుకని ఈమధ్య మా టీ కొట్టు దగ్గర నా అభిప్రాయానికి రేటు బాగా పడిపోయింది.

2025 సంక్రాంతి సంగతే చూడండి. జనవరి 10న 'గేమ్ ఛేంజర్' వచ్చింది. శంకర్ సినిమా, రామ్‌చరణ్ రెండు పాత్రలు. అప్పన్న కనిపించినంతసేపూ బాగుంది. మిగతాది మాత్రం సోమవారం కలెక్టరాఫీసులో అర్జీల వరసలో నిలబడ్డట్టుంది, మన వంతు రాదు, ఇంటికీ పోలేం. ఈ మాటే మా మేనమామ కొడుకుతో అన్నాను. వరసకి బావమరిది, అంబాజీపేటలో కొబ్బరికాయల వ్యాపారం. నా మాట పూర్తి కాకుండానే ఫోను తీసి నా మొహం మీద పెట్టాడు.

"ఫస్ట్ డే 186 కోట్లండి బావగారూ. పోస్టరేసేశారు. మీరేమో బాలేదంటారు!"

ట్రేడ్ లెక్కలు కట్టేవాళ్లు ఆ అంకెలో సగం కూడా ఒప్పుకోలేదు. ఆ మాటంటే వాళ్లంతా అవతలి హీరో మనుషులన్నాడు. సరే, కొబ్బరి భాషలో అడిగితేనైనా ఎక్కుతుందేమోనని, "ఒరేయ్, దింపు తీయించి కాయలమ్మినప్పుడు కాయ మీది డొక్క కూడా లెక్క కడతావా?" అన్నాను. వాడు నావంక జాలిగా చూశాడు. "అది గ్రాసండి బావగారూ. డొక్కతో కలిపి గ్రాస్, ఒలిచాక షేర్."

ఒప్పుకోవాలి, ఇంత చక్కగా ట్రేడ్ పండితులెవరూ చెప్పలేదు నాకు. టికెట్ల మీద వచ్చిందంతా గ్రాస్. అందులో జీఎస్టీ ప్రభుత్వం ఒలుచుకుంటుంది, వంద దాటిన టికెట్టుకి 18 శాతం. అద్దె హాలువాడు ఒలుచుకుంటాడు. మిగిలింది షేర్. అది డిస్ట్రిబ్యూటరు కొన్న రేటు దాటితే బ్రేక్ ఈవెన్, దాటకపోతే వచ్చే సినిమాకి సర్దుబాటు. అంతా బాగానే ఉంది. నా అనుమానమల్లా ఒక్కటే, ఇందులో మా వాడిదేం పోయింది? 2025 వేసవిలో హాళ్లవాళ్లు అద్దె గిట్టుబాటు కావట్లేదు, వాటా కావాలి, లేదంటే జూన్ 1 నుంచి తలుపులేసేస్తాం అన్నారు, తర్వాత ఆగారు. వాళ్లకి కరెంటు బిల్లుంది, అడిగారు. జేబులోంచి డబ్బు తీసేవాడు మాత్రం ఏ వాటా అడక్కుండానే అందరి లెక్కలూ ఉచితంగా రాసిపెడుతున్నాడు. ఇంత నిస్వార్థమైన గుమాస్తా ఏ కొబ్బరి షావుకారికీ దొరకలేదు.

ఇంకో చిత్రం. 2022 ఏప్రిల్ 4న కోనసీమ వేరే జిల్లా అయింది. కాకినాడకి కాకినాడ, రాజమండ్రికి తూర్పు గోదావరి, మాకు మేము. కాగితాల మీద అన్నీ విడిపోయాయి గానీ సినిమా వ్యాపారంలో మేమంతా ఇప్పటికీ ఒకే ఏరియా: 'ఈస్ట్'. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, గుంటూరు, కృష్ణా, నెల్లూరు, వెస్ట్, ఈస్ట్. ప్రభుత్వం తెంచిన ఉమ్మడి కుటుంబాన్ని డిస్ట్రిబ్యూటర్లు కాపాడుకొస్తున్నారు. తుని నుంచి అంతర్వేది దాకా ఎవరు ఏడ్చినా నవ్వినా ఈస్ట్ ఖాతాలోనే పడుతుంది. "ఈస్ట్‌లో కుమ్మేసిందండి" అని మా వాడు రొమ్ము విరుచుకుంటాడు, ఆ కుమ్ముడులో వాడి ఇంటిల్లిపాదీ పెట్టిన రెండు వేలూ ఉన్నాయని మర్చిపోయి.

ఆ సంక్రాంతికే, 14న, 'సంక్రాంతికి వస్తున్నాం' వచ్చింది. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసుకుని, కాళ్లకంటిన చేల మట్టి దులుపుకుని సెకండ్ షోకి పోయాం. నవ్వాను. వెంకటేష్ ఇద్దరు ఆడవాళ్ల మధ్య నలిగిపోతుంటే నా పక్కాయన తన సొంత కష్టం చూస్తున్నట్టు మూలిగాడు. బుల్లిరాజు అనే పిల్లాడు బూతులు తిడుతుంటే పిల్లల్ని ఒళ్లో పెట్టుకున్న తల్లులే ముందు నవ్వారు. వాడు ఓటీటీ చూసి అలా తయారయ్యాడని సినిమాలో కారణం చెప్పారు. మార్చి 1న ఆ సినిమానే ఓటీటీలోకి వచ్చి కూచుంది. ఇంత మంచి జోకు సినిమాలో ఉన్నదానికంటే బయటే బాగా పేలింది. ఈ ముచ్చట చెబితే మా వాడు నవ్వలేదు. "మూడొందల కోట్ల క్లబ్బండి," అన్నాడు, దణ్ణం పెడుతున్నట్టు.

భాగాల సంగతి వేరే చెప్పాలి. 'సలార్' ఒకటో భాగం, 'దేవర' ఒకటో భాగం, 'హరిహర వీరమల్లు' ఒకటో భాగం. మా వైపు పెళ్లి భోజనానికి పిలిచి, విస్తరేసి, పప్పూ పనసపొట్టు కూరా వడ్డించి, పులుసు దగ్గర గరిటె ఎత్తి "గడ్డపెరుగు మళ్లీ పెళ్లికండి" అంటే ఆ ఇంటి పరువేం కావాలి? ఇక్కడ మాత్రం ఎంగిలి చేతులతో చప్పట్లు కొట్టి లేస్తున్నాం. 'వీరమల్లు' షూటింగు 2020లో మొదలై 2025 జూలైలో బయటపడింది. అయిదేళ్లకి సగం కథ. మిగతా సగానికి నా మనవడి చేత టికెట్ బుక్ చేయించాలి.

'పుష్ప 2'ది ఇంకో బాధ, నిడివి. మూడు గంటల ఇరవై నిమిషాలు. అదీ చాల్లేదని 2025 జనవరి 17 నుంచి ఇంకో ఇరవై నిమిషాలు కలిపారు. దర్శకుడు సుకుమార్ మాకు పరాయివాడు కాదు, రాజోలు పక్క మట్టపర్రు ఆయనది. కోనసీమ మనిషి చిత్తూరు యాసతో దేశమంతా ఊపేశాడంటే గర్వమే. జాతర ఘట్టం నాకు ఇప్పటికీ కళ్లముందుంది. ఆఖరి ముప్పావుగంట లేకపోయినా కళ్లముందే ఉండేది.

మా యాసకీ ఒక సినిమా దొరికింది. 2024 ఆగస్టు 15న 'ఆయ్' వచ్చింది. అదే రోజు 'మిస్టర్ బచ్చన్', 'డబుల్ ఇస్మార్ట్' కూడా వచ్చాయి. పెద్దవి రెండూ చతికిలబడి మా చిన్నది నిలబడింది, సంతోషం. మొదటి పావుగంట హాలంతా పకపకలు. అరగంటకి నా వెనక సీటు ముసలావిడ, "మనం ఇన్నిసార్లు అండీ అంటామా ఏటి?" అంది. అంటాం గానీ తల్లీ, గుక్క తిప్పుకుంటాం. కోనసీమ అంటే సినిమావాళ్లకి రెండే సరుకులు: ఒకటి 'ఆయ్', రెండోది పైనుంచి డ్రోనులో కొబ్బరితోట. ఆ డ్రోను కొంచెం కిందికి దిగి, రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిను పక్కకి పోతే, ఉప్పునీటికి తలలు రాలి కరెంటు స్తంభాల్లా నిలబడ్డ చెట్లు కనిపిస్తాయి. ఆ లొకేషను ఎవరూ అడగరు. మా వాణ్ణి అడిగాను, కొబ్బరి వ్యాపారివి కదరా, అక్కడ ఎన్ని చెట్లు పోయాయో చెప్పు అని. తెలీదన్నాడు. 'ఓజీ' నైజాం షేరు మాత్రం పైసలతో చెప్పాడు.

'ఓజీ' అంటే టికెట్ గుర్తొస్తుంది. 2021 ఏప్రిల్‌లో జీవో 35 అని ఒకటొచ్చింది. పంచాయతీ ఊళ్లో ఏసీ లేని హాల్లో నేల టికెట్టు 5 రూపాయలు. ఆ డబ్బుకి ఒక ఇడ్లీ కూడా రాదు, చట్నీ అడిగితే తిడతారు. 2025 సెప్టెంబరులో 'ఓజీ' ప్రత్యేక ప్రదర్శనకి 1000 రూపాయలకి అనుమతిచ్చారు. హీరోగారే ఉపముఖ్యమంత్రి. ఒకాయన సినిమావాళ్ల మీద కోపంతో అయిదు చేస్తే, ఇంకొకరు ప్రేమతో వెయ్యి చేశారు. ప్రేక్షకుడి మీద కోపమో ప్రేమో ఉన్నవాళ్లు ఇంకా అధికారంలోకి రాలేదు. ఆ వెయ్యి పెట్టినవాడు తెల్లారి వచ్చి సినిమా బాలేదని ఎలా అంటాడు? తులం బంగారం కొన్నాక మెరవట్లేదనుకోడానికి మనసొప్పదు. అందుకే అంకె పట్టుకుంటాడు.

అదే సెప్టెంబరులో 'లిటిల్ హార్ట్స్' వచ్చింది. చిన్న సినిమా, మామూలు టికెట్టు. పక్కవాడి భుజం కొట్టి మరీ నవ్వాను. కోట్లు ఎవరూ అడగలేదు, అంచేత హాయిగా సినిమా గురించే మాట్లాడుకున్నాం.

మా హాలు దగ్గర సైకిల్ స్టాండు చూసే ఒకాయనున్నాడు. ఆయన సినిమాలు చూడడు. ఫలానాది బాగుందా అంటే ఠక్కున చెప్తాడు. ఎలా అన్నాను. "బళ్లు తీసే తీరు చూస్తానండి. బాగుంటే తాళం చేత్తో పట్టుకుని కబుర్లు చెప్పుకుంటారు, బయటికి పొమ్మని నేనే తోలాలి. బాలేదనుకోండి, చీటీ కూడా ఇవ్వకుండా హారన్ కొడతారండి."

మొన్న ఒక పెద్ద సినిమాకి పోయాను. పేరెందుకు లెండి. ఇంటర్వెల్లో మా బావమరిది క్యాంటీన్ దగ్గర కనిపించాడు, చేతిలో సమోసా, కళ్లలో నిద్ర. షో వదిలాక వెతికాను, లేడు. ఇంటికొచ్చేసరికి వాడి స్టేటస్: 'ఊచకోత. ఈస్ట్ ఆల్ టైమ్ రికార్డ్.' మర్నాడు స్టాండాయన దగ్గర వాకబు చేశాను.

"మీ బావమరిదిగారాండి? సగంలోనే తీసేశారండి బండి. చీటీ కూడా ఇవ్వలేదు."